ఢిల్లీ వార్తల్లో మా బాపు నేసిన చున్నీ

మా ఇంట్లో సందె దీపం పెట్టకముందు టీవీ పెట్టేవాళ్ళం కాదు. అది మా అత్త చేసిన కట్టడి. నేను కోరుట్లకు కోడలిగా వచ్చిన కొత్తలో మా మామ చిన్న నలుపు తెలుపు టీవీ ఒకటి తెచ్చి, దేవుని అర్రకు ఎదురుగా గోడకు చెక్క బిగించి దానిమీద పెట్టాడు. అత్త దీపం వెలిగించి, కాసేపు కళ్ళు మూసుకుని, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చునేది. "ఇగ పెట్టు బిడ్డా" అంటే అప్పుడు నేను లేచి గుండీ తిప్పేదాన్ని. ముందు మాట వచ్చేది, కాసేపటికి మనిషి వచ్చేవాడు.

అప్పుడు ఉన్నది ఒక్కటే చానల్, దేశమంతటికీ అదే. సాయంత్రం కొంతసేపు హైదరాబాద్ నుంచి తెలుగు వచ్చేది, ఆ తర్వాత ఢిల్లీ నుంచి హిందీ, ఇంగ్లీషు. మా వాడలో ఎవరూ దాన్ని పేరు పెట్టి పిలవలేదు. "హైదరాబాద్ అయిపోయిందా, ఢిల్లీ వచ్చిందా" అనే అడిగేవాళ్ళు.

మా వాడ ఆడవాళ్ళది బీడీల పని. పొద్దుగూకే వేళకు నలుగురైదుగురు చాటలు పట్టుకుని మా ఇంటికే వచ్చేవాళ్ళు. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారపు ఉండ. ఆకు చుట్టడం, దారం కట్టడం, కొస మడవడం వేళ్ళు వాటంతటవే చేసుకుపోయేవి. కళ్ళు టీవీ మీద ఉన్నా చేతులు ఆగేవి కావు. పసుపు దుంపకు కుళ్ళు తెగులు వస్తే ఏ మందు కొట్టాలో ఒకాయన పొలం గట్టు మీద నిలబడి చెప్పేవాడు. మాలో ఎవరికీ గుంటెడు భూమి లేదు. అయినా వినేవాళ్ళం. తెలుగు వార్తలు వినేవాళ్ళం. ఢిల్లీ వచ్చాక హిందీ వార్తలూ వినేవాళ్ళం, అర్థం అయినంత. చివర్న ఎవరో పెద్దమనిషి వీణ వాయించేవాడు, లేదా ఒకామె నాట్యం చేసేది. నిద్ర వచ్చినా టీవీ ఆపనిచ్చేది కాదు అత్త. "ఇంటికొచ్చినోళ్ళు మాట్లాడంగ తలుపేస్తమా" అనేది.

వార్తలు చదివేవాళ్ళు నమస్కారం పెడితే ఆమె కూడా చాట పక్కన పెట్టి రెండు చేతులూ జోడించేది. పక్కింటి అక్కకు అది రోజూ ఒక వేడుక.

"పెద్దవ్వా, గాయిన నీకు ఏమైతడే? రోజు గింత భక్తిగ దండం పెడ్తవ్."

"ఏమైతడు. ఇంటికొచ్చి నమస్తే అన్నోన్కి మనం అనకుంటె కోరుట్లోళ్ళకు మర్యాద తెల్వదంటడు."

"ఆయన నిన్ను చూస్తుండా ఏంది?"

"చూడకుంటె మాత్రం? నేను ఆయన్ను చూస్తున్న గద."



మా చేతులు ఆగేది ఒక్క దగ్గరే. తెలుగు వార్తల తర్వాత అప్పుడప్పుడు తప్పిపోయినవాళ్ళ ప్రకటన వచ్చేది. ఒక ఫొటో చూపించి, వయసెంత, ఎత్తెంత, ఏ రంగు మనిషి, ఇల్లు విడిచిన రోజున ఒంటి మీద ఏ బట్టలున్నాయి అని చదివేవాళ్ళు. అది రాగానే అత్త చాట దించమనేది. "సక్కగ చూడుండ్రి. రేపు బస్టాండుల కనవడితె గుర్తు వట్టాలె." మేమంతా చూసేవాళ్ళం. ఇన్నేళ్ళలో మేము ఎవరినీ గుర్తు పట్టింది లేదు, పట్టించింది లేదు. చూడడం మాత్రం మానలేదు. అందరూ ముఖం గుర్తు పెట్టుకుంటే నాకు బట్ట గుర్తుండేది. అంచు ఎటువంటిది, గళ్ళు పెద్దవా చిన్నవా అన్నదే నా చెవికి పట్టేది. నేను పుట్టింది సిరిసిల్లలో, మగ్గం ఉన్న ఇంట్లో. బట్టను బట్టి మనిషిని పోల్చుకోవడం మాకు చిన్ననాటి నుంచీ అలవాటు.

నేను బడికి పోలేదు. అక్షరాలు మా బాపు దగ్గరే, అంటే మా నాన్న దగ్గరే, నేర్చుకున్నాను. ఆయన గుంటలో కాళ్ళు పెట్టుకుని మగ్గం నేస్తుంటే నేను ఎదురుగా కూర్చుని నూలు కండెలు చుట్టేదాన్ని. మగ్గం చెక్క మీద సుద్దముక్కతో అక్షరం రాసి దిద్దమనేవాడు. కొంచెం చదవడం వచ్చాక దేవుని పాటల పుస్తకం చేతికిచ్చి గట్టిగా చదవమనేవాడు. తప్పు చదివితే ఏమీ అనేవాడు కాదు, దారాన్ని అటూ ఇటూ తీసుకుపోయే నాడెను విసరడం ఆపేవాడు. చప్పుడు ఆగిందంటే నేను తప్పు చదివానని అర్థం. సరిదిద్దుకుని చదివితే మళ్ళీ చప్పుడు మొదలయ్యేది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ చప్పుడు పుణ్యం.

బాపుకు ఒక పద్ధతి ఉండేది. మగ్గం మీద పడుగు, అంటే నిలువు దారం, అయిపోవచ్చినప్పుడు చివర కొంత మిగులుతుంది. అమ్మే బట్టకు అది చాలదు. చాలామంది కోసి పక్కన పడేస్తారు. బాపు పడేయడు. ఇంట్లో మిగిలిపోయిన కండెలన్నీ ముందు పోసుకుని, ఏది చేతికి వస్తే అది అడ్డంగా పేక వేసి ఆఖరి దారం దాకా నేసేవాడు. ఒక కండె ఎక్కడ అయిపోతే అక్కడ చార మారిపోయేది. ఒకటి వెడల్పు, ఒకటి సన్నం, ఒక లెక్క ఉండదు. ఆ ముక్క ఇంటి ఆడపిల్లకు. అటువంటిది మళ్ళీ నేయమంటే నేసినవానికే రాదు.

సిరిసిల్లలో అందరూ సాంచలకు, అంటే మరమగ్గాలకు, మారిపోయాక బాపు కూడా మగ్గం విప్పేసి వేరేవాళ్ళ సాంచల మీద పనికి పోయాడు. విప్పేముందు ఆ మిగులు పడుగు మీద ఆఖరుసారి ఒక చున్నీ నేశాడు. నా బిడ్డ కోసం. తెలుపు మీద నల్లని, ముదురు నీలపు చారలు. ఒక కొస దగ్గర వెడల్పు చారలు దగ్గర దగ్గరగా, ఇంకో కొసకు వచ్చేసరికి రంగు దారం అయిపోయి వట్టి తెలుపు.

కాలం మారింది. మామ పోయాడు. మా ఆయన గల్ఫ్‌కు పోయాడు. ఇంటికి కేబుల్ వచ్చింది, రంగుల టీవీ వచ్చింది. పాతదాన్ని మామ ధోవతిలో చుట్టి అటక మీద పెట్టాం, అమ్మడానికి అత్త ఒప్పుకోలేదు. నా బిడ్డ పెద్ద చదువుకు హైదరాబాద్ పోయి హాస్టల్లో ఉంది. మా ఇంట్లో చదువుకోడానికి ఊరు దాటిన మొదటి ఆడపిల్ల. అందుకు దేవునికి రోజూ దండం పెట్టుకునేదాన్ని.

ఇంతలో తెలంగాణ ఉద్యమం. కోరుట్ల చౌరస్తాలో టెంటు వేశారు. బీడీలు చేసే ఆడవాళ్ళం చాటలు ఇంట్లో పెట్టి పోయి టెంటు కింద కూర్చునేవాళ్ళం. రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండాం, రోడ్డు మీదే బతుకమ్మ ఆడాం. నాకు రాజకీయం తెలియదు. మన పిల్లలకు మన దగ్గర కొలువులు ఉండాలె అన్న మాట మాత్రం తెలుసు. అక్కడక్కడ పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నారని వినపడితే ఆ పూట మా వాడలో పొయ్యి సరిగ్గా వెలిగేది కాదు.

బంద్ రోజున మా దగ్గర కేబుల్ కూడా బంద్. కేబుల్ నడిపేవాడు ఉద్యమంలోనే ఉన్నాడు. "టీవీల చూసుకుంట ఇండ్లల్ల కూసుంటె ఎట్ల? చౌరస్తకు రాండ్రి" అని తీగ తీసేసేవాడు. మేము నవ్వుకునేవాళ్ళం. ఒక్క రోజు మాత్రం నవ్వు రాలేదు.

ఆ రోజు మా దగ్గర బంద్, హైదరాబాద్‌లో పెద్ద సభ. ఊళ్ళ నుంచి ఎవరూ రాకుండా దారులన్నీ మూశారు. పొద్దున్నే బిడ్డ ఫోన్ చేసింది.

"అమ్మా, ఇయ్యాల హాస్టలోళ్ళం అందరం పోతున్నం."

"పోకుంటె ఏమైతది బిడ్డా?"

"నువ్వు రోజు టెంటు కాడ కూసుంటవ్. నన్ను పోవద్దంటవ్."

"ఎండున్నది. చున్నీ ఏసుకున్నవా?" అన్నాను.

"తాత చున్నీనే ఏసుకున్న. పెడ్తున్న ఇగ, పిలుస్తుండ్రు."

మధ్యాహ్నం నుంచి దాని ఫోన్ కలవలేదు. సాయంత్రం మా ఆయన గల్ఫ్ నుంచి చేశాడు. అక్కడ వాళ్ళ రూములో టీవీ చూశారట.

"పొగ బాంబులు ఏస్తున్నరు. మంది ఉరుకుతున్నరు. పిల్ల యాడున్నది?"

"ఫోన్ కలుస్తలేదు."

"టీవీ పెట్టి చూడరాదు?"

"కేబుల్ బందున్నది."

"నేను గింత దూరంల కూసొని చూస్తున్న. మీరు పక్కన్నే ఉండి చూడకపోతిరి" అన్నాడు. తెలిసిన వెంటనే చెప్పు అని పెట్టేశాడు.

ఎట్లా తెలుసుకోవాలో తోచక నిలబడిపోతే అత్తే అంది, "అటుక మీది టీవీ దించు. ఢిల్లీకి కేబులెందుకు?"

నిజమే. పాత టీవీకి డాబా మీది యాంటెన్నా ఉంటే చాలు, జగిత్యాల టవర్ నుంచి వచ్చేస్తుంది. నేను, పక్కింటి అక్క కలిసి టీవీ దించాం. కానీ యాంటెన్నా ఎన్నో ఏళ్ళుగా బట్టలారేసుకునే కర్రగా మారిపోయింది, మిగిలినదాన్ని కోతులు వంచేశాయి. అక్క కట్టె పట్టుకుని డాబా ఎక్కింది. నేను టీవీ దగ్గర నిలబడ్డాను.

"వచ్చిందా?" అని పైనుంచి.

"చప్పుడొస్తున్నది. మనిషి రాలే."

"ఇప్పుడు?"

"వచ్చిండు. రెండు తలకాయలున్నయ్."

"జగిత్యాల దిక్కు తిప్పాల్నా, మెట్‌పల్లి దిక్కా? ఒక కోతి కూసొని నన్నే చూస్తున్నదే చెల్లె. దానికి తెలుసో ఏమో."

ఇంకో రోజైతే పడీ పడీ నవ్వేవాళ్ళం. అక్క కూడా నవ్వించడానికే అన్నది, పాపం.

బొమ్మ నిలబడింది. నేను గుండీ మీద చెయ్యి వేసి ఉండగానే అత్త "ఆగు" అంది. దేవుని అర్రలోకి పోయి దీపం పెట్టింది. అంత ఆదుర్దాలో కూడా ఆమె తొందరపడలేదు. వత్తి సరిచేసింది, నూనె పోసింది. వచ్చి కూర్చుని, "ఇప్పుడు గొంతు పెంచు" అంది. ఆ కాసేపు ఆగడం నాకు మంచిదే అయింది.

ముందు వ్యవసాయం వచ్చింది. వరిలో కలుపు గురించి ఎవరో ప్రశ్న అడుగుతున్నారు, ఎవరో జవాబు చెబుతున్నారు. ఊరంతా ఇంత గోలగా ఉంటే ఈయన కలుపు గురించి మాట్లాడుతున్నాడేమిటని కోపం వచ్చింది. అక్క డాబా దిగి వచ్చి చాట ఒళ్ళో పెట్టుకుంది గానీ ఆకు ముట్టలేదు. తర్వాత ఎవరో జానపదం పాడారు. తర్వాత తెలుగు వార్తలు. వార్తలు చదివే ఆమె నమస్కారం పెడితే అత్త చేతులు జోడించింది. మంత్రులు, సమావేశాలు, మూసిన దారులు. సభ దగ్గర కొందరికి గాయాలయ్యాయని, పరిస్థితి అదుపులో ఉందని ఒక్క మాట. ఎవరికి, ఎక్కడ, ఎట్లా అన్నది లేదు. ఒక్క ముఖం చూపించలేదు.

ఆ తర్వాత తప్పిపోయినవాళ్ళ ప్రకటన. ఒక ముసలాయన. మతి సరిగా లేని ఒక ఇల్లాలు. "ఇల్లు విడిచినప్పుడు ధరించిన దుస్తులు..." అని చదువుతుంటే నా లోపల ఎవరో నా బిడ్డ సంగతి చదవడం మొదలుపెట్టారు. వయసు, ఎత్తు, చామనఛాయ. తెల్లని చున్నీ, నల్లని చారలు, ఒక కొస వట్టి తెలుపు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అత్త నా మోకాలి మీద చెయ్యి వేసింది.

ఇగ ఢిల్లీ మిగిలింది. హిందీ వార్తలాయన వచ్చాడు. అత్త ఆయనకూ దండం పెట్టింది. ఎక్కడెక్కడి సంగతులో చెప్పి చెప్పి, చివరికి హైదరాబాద్ అన్నాడు. బొమ్మలో రోడ్డు, పొగ, చెల్లాచెదురుగా చెప్పులు. వెనుక ఆయన గొంతు తప్ప అక్కడి చప్పుడేమీ వినపడటం లేదు. జనం మధ్య నుంచి ఒక పిల్ల నడుస్తోంది. వీపు మాత్రమే మా వైపు. తల మీద నుంచి చున్నీ కప్పుకుంది. వెడల్పు చార, సన్నచార, మళ్ళీ వెడల్పు, దగ్గర దగ్గరగా. రెండో కొస వట్టి తెలుపు. చెయ్యి పైకెత్తి ఏదో అరుస్తోంది. కొంచెం పక్కకు తిరిగేలోపు బొమ్మ మారిపోయింది.

"మన పిల్ల" అన్నాను. "అత్తా, మన పిల్లనే. బాపు నేసిన చున్నీ."

"ముఖం కనవడలేదు గదనే" అంది అక్క.

"ముఖం ఎందుకక్కా? అసొంటిది ప్రపంచంల ఇంకోటి లేదు."

అత్త టీవీ వైపు చూస్తూ మళ్ళీ చేతులు జోడించింది. ఈసారి వార్తలాయనకు కాదు. "దాని కాళ్ళ మీద అది నడుస్తున్నది. సాలు" అంది.

వెంటనే మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. పిల్ల బాగుంది, కళ్ళారా చూశాం, చెయ్యెత్తి నినాదం ఇస్తోంది అని. ఆయన అటువైపు ఏడ్చాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన ఏడవడం నేను వినడం అదే మొదలు. ఆ తర్వాత టీవీలో ఒకామె నాట్యం చేసింది. మేము ముగ్గురం అది అయ్యేదాకా కూర్చున్నాం. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, ఎంతో బాగుంది. దేవుని ముందు సాగిలపడి మొక్కి, కంటినిండా నిద్రపోయాను.

మర్నాడు పొద్దెక్కాక తెలియని నంబరు నుంచి ఫోన్. బిడ్డే. "అమ్మా, బుగులు వడకు. చెయ్యి ఇరిగింది, కట్టు కట్టిండ్రు. నా రూము పిల్ల నా కాడనే ఉన్నది. బస్సులు నడవంగనే ఇద్దరం వస్తం" అంది. వెనుక ఆసుపత్రి గోల. ఎక్కువ మాట్లాడనివ్వలేదు. మేము చూసిన తర్వాత దెబ్బ తగిలిందేమో అనుకున్నాను.

బస్సులు నడిచిన రోజు నేను, అత్త జగిత్యాల బస్టాండుకు పోయాం. హైదరాబాద్ బస్సు అక్కడికే వస్తుందన్నారు. అక్కడ సిమెంటు బెంచీ మీద నా వయసామె ఒకామె కూర్చుని ఉంది. చేతిలో బట్ట సంచి, కూలి పనికి అరిగిన చేతులు. బస్సు వచ్చిన ప్రతిసారీ లేచి చూసి మళ్ళీ కూర్చుంటోంది. అత్త ఊరుకోదు కదా.

"ఎవలి కోసం బిడ్డా?"

"మా పిల్ల వస్తున్నదవ్వా, పట్నం నుంచి. మాది మేడిపల్లి."

"మా పిల్ల సుత గాడ్నుంచే."

అప్పుడే బస్సు వచ్చింది. ముందు ఒక సన్నని పిల్ల రెండు బ్యాగులు మోసుకుంటూ దిగింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నా బిడ్డ దిగింది. ఎడమ చేతికి సిమెంటు కట్టు. ఆ చెయ్యిని మెడకు వేలాడదీసి ఉన్నది బాపు చున్నీ. మేడిపల్లి ఆమె పోయి ఆ సన్నని పిల్లను గుండెలకు హత్తుకుంది. అప్పుడు తెలిసింది, నా బిడ్డ ఫోన్‌లో చెప్పిన రూము పిల్ల ఈమె బిడ్డేనని.

అత్త మనుమరాలి చెంపలు నిమిరింది. "టీవీల చూసినం బిడ్డా. చెయ్యెత్తుకొని ఎంత ధైర్నంగ నడుస్తున్నవ్. నీ చున్నీ చూసి మీ అమ్మ గుర్తువట్టింది."

బిడ్డ, ఆ పిల్ల ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"టీవీలనా? నేను గాదు నానమ్మా" అంది నా బిడ్డ. "దీనికి జరం వచ్చి తగ్గింది. ఎండకు నెత్తి మీద కప్పుకొమ్మని, అమ్మతోని ఫోన్ల మాట్లాడినంకనే నా చున్నీ దీనికిచ్చిన. పొగ ఏసినప్పుడు మంది ఉరికిండ్రు, నేను కిందపడ్డ. ఎవలో పండ్లమ్మే అవ్వ ఆటోల ఏసుకొని దవఖానకు తీస్కపోయింది. ఫోన్ గాడ్నే పోయింది."

"మరి చెయ్యెత్తి..." అన్నాను నేను.

ఆ సన్నని పిల్ల మెల్లగా చెప్పింది. "నినాదం గాదమ్మా. దీన్నే పిలుస్తున్న. మందిల కనవడతలేదని పేరు వెట్టి ఒర్లుకుంట తిరిగిన. చీకటి వడ్డంక దవఖానలు తిరుగుతుంటె ఒకదాంట్ల దొరికింది."

నేను బెంచీ మీద కూర్చుండిపోయాను. నేను చూసి మొక్కిన వీపు ఈ పిల్లది. ఆ చప్పుడు లేని బొమ్మలో ఆమె నోటి నుంచి వస్తున్నది నా బిడ్డ పేరు. నేను కంటినిండా నిద్రపోయిన ఆ రాత్రి నా బిడ్డ విరిగిన చేతితో ఎక్కడో తెలియని ఆసుపత్రి వరండాలో ఉంది.

మేడిపల్లి ఆమె నా పక్కన కూర్చుంది. "నేను సుత చూసిన వదినా" అంది. "మా ఊళ్ళ సుత కేబుల్ బందాయె. పనికి పొయ్యే ఇంట్ల పాత టీవీ ఉన్నది, వాళ్ళు పెడితె గడప కాడ కూసొని చూసిన. గా చున్నీ కప్పుకున్న పిల్లను చూసిన. మా పిల్ల గాదనుకున్న. గసొంటి చున్నీ మా పిల్లకు లేకపాయె."

కన్న కూతురు ఎదురుగా నడిచిపోతుంటే బట్టను చూసి ఆమె కాదనుకుంది. నేను అదే బట్టను చూసి అవుననుకున్నాను. ఒకే బొమ్మ. ఆమెకు దక్కవలసిన నిమ్మళం నాకు దక్కింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"తెల్లారేదాక మోకాళ్ళ మీదనే ఉన్న" అంది ఆమె. ఆమెది ప్రభువును నమ్ముకున్న ఇల్లు. "ఇద్దరు పిల్లల పేర్లు వెట్టి అడిగిన. ఒక్క రూముల ఉంటరు గద, ఒక్కదాన్ని అడిగి ఒక్కదాన్ని ఎట్ల ఇడిశిపెడ్త? టీవీల కనవడ్డ పిల్లకు సుత అడిగిన, ఎవల బిడ్డనో గని ఇల్లు చేర్చు తండ్రీ అని."

"నేను ఒక్కదానికే మొక్కిన" అన్నాను.

"మొక్కినవ్ గద. అది నా బిడ్డకే చేరింది. నాది నీ బిడ్డకు చేరింది. ఇంకేం గావాలె?"

తన సంచిలోంచి డబ్బా తీసి మూత తెరిచింది. జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం. నా బిడ్డకు కట్టు ఉన్నది ఎడమ చేతికే అయినా ఆమె తుంచి నోట్లో పెట్టింది. అత్త ఆ సన్నని పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని వీపు నిమురుతూ ఉండిపోయింది. టీవీలో చూసిన ఆ వీపే.

కట్టు విప్పాక బిడ్డను సిరిసిల్ల తీసుకుపోయాను. బాపు అంతా విన్నాడు. చున్నీ చేతిలోకి తీసుకుని, మెడ దగ్గర ముడి వేసిన చోట దారాలు జరిగిపోయి ఉంటే వేలి గోటితో ఒక్కొక్కటీ సర్దాడు. "ఇంకింత గట్టిగ కొట్టి నేసేది ఉండె. చెయ్యి బరువుకు సాగింది" అన్నాడు. పోయేటప్పుడు బిడ్డతో, "అది మీ ఇద్దరిది" అన్నాడు. అది ఆ తర్వాత ఆ రూములో ఎవరు ముందు లేస్తే వాళ్ళ భుజం మీద ఉండేదట.

పాత టీవీని మళ్ళీ అటక ఎక్కించలేదు. ఉద్యమం ఇంకా నడుస్తూనే ఉంది. బంద్ రోజుల్లో అక్క డాబా ఎక్కి కోతులను కొట్టి బొమ్మ నిలబెట్టేది. అత్త దీపం పెట్టి వచ్చి కూర్చునేది. వార్తలాయన నమస్కారం అంటే ఆమె చేతులు జోడించి, అంతకు ముందు ఎన్నడూ అడగని ఒక మాట అడిగేది.

"పిల్లలందరు ఇండ్లకు చేరిండ్రా అయ్యా?"

అక్క ఇప్పుడు ఎగతాళి చేసేది కాదు. తప్పిపోయినవాళ్ళ ప్రకటనకు దించినట్టే చాట కిందికి దించేది. నేనూ దించేదాన్ని. ఆయన ఆ సంగతి ఒక్కటి తప్ప అన్నీ చెప్పి, చివర్న వాన ఎక్కడ పడుతుందో చెప్పి, మళ్ళీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయేవాడు. అప్పటిదాకా ఆగి, అత్త "ఇగ చెయ్యుండ్రి" అంటే, ఆకు చేతిలోకి తీసుకునేవాళ్ళం.